సున్నా సున్నా ఒకటి

పోటీకి దిగేనాటికి గ్రంధి కామేశం చేతిలో ఉన్నది ఇంత: ఇరవై ఆరేళ్ళ నాటి అమెచ్యూర్ రేడియో లైసెన్సు, ఒక మంచి సెట్టు, పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, వాటి మొవ్వుల కింద బిగించి కట్టిన రాగితీగలు, అరవైకి రెండు తక్కువ వయసు, సగం అరిగిన చెవులు. వీటికి తోడు భార్య మాణిక్యం ఓర్పు. దాన్ని మాత్రం అతను ఎన్నడూ సరుకులో కలిపి లెక్కవేయలేదు. అడక్కుండా వచ్చేదానికి విలువ కట్టే అలవాటు అతనికి లేదు.

అంబాజీపేటలో అతనిది కొబ్బరికాయల వ్యాపారం. అందులో కంటికన్నా చెవికి పని ఎక్కువ. రెండు కాయలు తీసుకుని ఒకదానితో ఒకటి తాటిస్తే ముదురో లేతో తెలుస్తుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు చిలుకుతున్నాయో, కొబ్బరి ఎండి కురిడీ అయి దొర్లుతోందో తెలుస్తుంది. మోగించాలి, రకం తేల్చాలి, ఇటో అటో వేయాలి. ఒకసారి వేసిన కాయని మళ్ళీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కూలి దండగ, పొద్దు దండగ. ముప్పై అయిదేళ్ళు అలా ఏరి, కామేశం చెవి తప్పదని యార్డులో పేరు తెచ్చుకున్నాడు. ఆ చెవే అతన్ని రేడియో వైపు ఈడ్చుకుపోయింది. గురగురల మధ్య నుంచి ఎక్కడో బ్రెజిల్‌లో ఒకడు పిలుస్తుంటే పట్టుకోవడం, రాశిలోంచి మంచి కాయ లాగడం, రెండూ అతనికి ఒకే పని.

ఏటా ఒక ఆదివారం పన్నెండు గంటల కాంటెస్ట్ జరుగుతుంది. మన గడియారంలో పొద్దున అయిదున్నరకి మొదలు, సాయంత్రం అయిదున్నరకి ఆఖరు. ఇంట్లో ఒక్కడే కూర్చుని, ప్రపంచంలో ఎంతమందితో మాట్లాడగలిగితే అంత మంచిది. మాటలంటే కబుర్లు కావు. ఎదుటివాడి గొంతు ఎంత బాగా అందుతోందో రెండంకెల్లో చెప్పాలి, అతను తనకి ఎన్నోవాడో ఆ నంబరు చెప్పాలి, అతని నంబరు రాసుకోవాలి, వదిలేయాలి. పదిహేను సెకన్ల బేరం. పైగా ఒక్కో రేడియోవాడికీ గుర్తుగా ఇచ్చే కాల్‌సైన్‌లో మొదటి మూడు అక్షరాలు కొత్త రకమైతే అదొక గుణకం. ఎన్ని కొత్త రకాలు దొరికితే మొత్తం మార్కులని అన్నింటితో గుణిస్తారు. ఆసియా లెక్క వేరే తీస్తారు. కామేశం అందులో రెండుసార్లు అయిదోవాడు, ఒకసారి మూడోవాడు. మొదటి స్థానం అతనికి దక్కలేదు.

ఇక దక్కితే ఈ ఏడే దక్కాలి. సూర్యుడికీ సీజనుంది. పదకొండేళ్ళకొకసారి సూర్యుడి మీద మచ్చలు ముదురుతాయి. అప్పుడు మన ఆకాశంలో గాలి పైపొరలు గట్టిపడి, చిన్న సెట్టుతో కూడా భూమి అవతలికి మాట విసరొచ్చు. ఈ ఏడు ఆ ముదురు. మళ్ళీ వచ్చేసరికి కామేశానికి డెబ్భై దగ్గరపడతాయి. కాకినాడ డాక్టరు అతని చెవులు పరీక్షించి, సన్నటి స్వరాలు ఇప్పటికే పోయాయనీ మిగతావి కూడా దారిలో ఉన్నాయనీ చెప్పాడు.

అందుకని చెల్లెలు హైమావతిని అడిగాడు. ఆమె విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో వినికిడి మీద పనిచేస్తుంది. పెళ్ళిళ్ళలో, బజార్లలో జనం గోల మధ్య ఎదుటివాళ్ళ మాట పట్టుకోలేని ముసలివాళ్ళ కోసం ఒక పట్టీ తయారుచేసింది. తల వెనక నుంచి తెచ్చి చెవుల మీద ఆనించి కట్టుకోవాలి.

చప్పుడు చొరని గదిలో అన్నగారిని కూర్చోబెట్టి, నలభైమంది గొంతులు ఒక్కసారే వదిలింది. అందులో ఒకావిడ వంకాయ కూర ఎలా చేయాలో చెబుతోంది, ఆవిణ్ణి మాత్రమే వినమంది. పది నిమిషాలు గడిచాయి.

"ఎలా ఉందన్నయ్యా?"

"వంకాయావిడ ఒక్కత్తే ఉంది. మిగతా ముప్పై తొమ్మిదిమందీ పక్కూరికి పోయారు."

"ఎక్కడికీ పోలేదు. నీ చెవిలోకి వస్తూనే ఉన్నారు. లోపల నీ బుర్ర వాళ్ళని పక్కన పెడుతోంది. ఏది కావాలో ఏది అక్కర్లేదో బుర్రకి అలవాటు చేయడం, పట్టీ పని అంతే."

కామేశం కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి అయిపోయినవాళ్ళని తీసేస్తుందా?"

"అయిపోయినవాళ్ళంటే?"

"ఒకసారి మాట్లాడి లాగ్ పుస్తకంలో రాసుకున్నవాడు మళ్ళీ పిలిస్తే వాడికి సున్నా మార్కులే. మధ్యాహ్నమయ్యేసరికి సగంమంది అలాంటివాళ్ళే తగులుతారు. వాళ్ళ గోలలో కొత్తవాడు అణిగిపోతాడు. మోగించి పక్కన పడేసిన కాయలు మళ్ళీ రాశిలో కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందనుకో."

హైమావతి కంప్యూటర్ ముందు కూర్చుని గంటసేపు ఏదో మార్చింది. ఆమె లెక్క ఆమెకుంది. మనుషుల మీద పరీక్షకి పై కమిటీ ఒప్పుకోవాలంటే ఆరునెలలు పడుతుంది, అన్నగారైతే ఇవాళే కూర్చుంటాడు.

"చేశాను. కానీ ఒకటి విను" అంది. "నీ బుర్రకి లాగ్ సంగతి తెలీదు. 'ఇదయింది, ఇక తర్వాతది' అని నువ్వనుకుంటావు చూడు, అది తెలుస్తుంది. అది పట్టుకునే ఆ గొంతుని పక్కన పెడుతుంది."

"చాలు. నేననుకునేదీ అదేగా."

"మూడు గంటలకి మించి పెట్టుకోకు. మూడు గంటల్లోపైతే ఆ అలవాటు రెండు రోజుల్లో పోతుంది. మించితే ఎన్నాళ్ళుంటుందో నేను చూడలేదు. ఎవరికీ పెట్టనూ లేదు."

"అంటే మూడు గంటలదాకా అరువు, ఆపైన సొంతం."

"నవ్వులాట కాదన్నయ్యా."

"నవ్వట్లేదే" అన్నాడు కామేశం. అతను నిజంగానే నవ్వడం లేదు. కాంటెస్ట్ నియమాల పుస్తకంలో చెవుల గురించి ఒక్క వాక్యమైనా ఉందేమోనని మనసులో పేజీలు తిప్పుతున్నాడు. లేదు.

ఇంటికొచ్చి మాణిక్యానికి పట్టీ చూపించి, దూరపువాళ్ళు బాగా వినబడతారని చెప్పాడు. అయిపోయినవాళ్ళ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, ఆమెకి దానితో పనేముందని.

*

ఆదివారం పొద్దున అయిదున్నరకి మొదటివాణ్ణి పట్టాడు. జపానువాడు. ఏడింటికల్లా నూట అరవై దాటాయి. ఎప్పుడూ గంటకి అరవై దాటని మనిషి. పట్టీ చెప్పినట్టే చేస్తోంది. నంబరు ఇచ్చి, పుచ్చుకుని, 'సరే' అనుకోగానే ఆ గొంతు నేల మీద రాలిన చుక్కలా ఇంకిపోయేది. దాని వెనక ఇంకొకటి, సన్నగా, అప్పుడే పుట్టినంత శుభ్రంగా వినబడేది.

ఏడుంపావుకి దలాలు సూరపరాజు ఫోను చేశాడు. "శెట్టిగారూ, మధ్యప్రదేశ్ లారీ వచ్చేసిందండి. ముదురు కాయ ఎత్తించెయ్యమంటారా, రేపటికి ఆగమంటారా?"

"ఎత్తించెయ్. లేత కలిపావంటే ఊరుకోను."

"అబ్బే, మీ కాయలో లేత కలిపితే మీకు ఇక్కడిదాకా వినబడిపోద్ది కదండీ!"

"సరే" అని ఫోను పెట్టేశాడు.

ఎనిమిదికి ముందు గాలికి తూర్పు చెట్టు మీది తీగ కిందకి జారింది. చెట్లెక్కి కాయల దింపు తీసే దానయ్య వచ్చాడు. అతను ఆ ఇంటి చెట్లు పాతికేళ్ళుగా ఎక్కుతున్నాడు. కిటికీలోంచి తొంగిచూసి అన్నాడు.

"ఏటండి షావుకారుగారూ, మళ్ళీ జారిందేటి మీ బట్టలారేసుకునే తీగ?"

"బట్టలు కాదురా, ప్రపంచం ఆరేస్తున్నాను. మొవ్వుకి రెండు చుట్లు వేసి కట్టు."

"మూడేత్తానండి. మీ ప్రపంచం బరువెక్కువ."

"సరే, ఎక్కు."

ఎనిమిదిన్నరకి మూడు గంటలూ నిండాయి. చేయి పట్టీ మీదికి వెళ్ళింది. కంప్యూటర్లో అప్పటికప్పుడు మారే పట్టికలో తన పేరు ఆసియాలో రెండో వరసలో ఉంది. మొదటివాడికీ తనకీ మధ్య దూరం పదిశాతం కూడా లేదు. చేయి దించేశాడు. ఇంకో అరగంట చూద్దామనుకున్నాడు.

తొమ్మిదయ్యాక ఏదో నీడ కదిలినట్టయి కిటికీలోంచి చూశాడు. దానయ్య చెట్టు మీద ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బేలా నోరు తెరిచి అరుస్తున్నాడు, చేత్తో పడమటి చెట్టు చూపిస్తున్నాడు. కామేశం హెడ్‌ఫోన్లు తీశాడు. కాకి అరుస్తోంది. మట్టల మీద గాలి గరగరలాడుతోంది. దానయ్య కత్తి మొవ్వుకి తగిలి టకటకమంది. దానయ్య నోట్లోంచి మాత్రం ఏమీ రావడం లేదు.

పడమటి తీగ కూడా జారుతోందని చేతిసైగల వల్ల అర్థమైంది. కట్టమని సైగ చేశాడు. తర్వాత సూరపరాజుకి ఫోను చేశాడు. లారీ హారను వినబడింది, కాయలు దొర్లే చప్పుడు, ఎవరో కూలీ మేస్త్రి "లాభం... రెండు... మూడు" అని పుంజీలు లెక్కబెట్టడం వినబడింది. సూరపరాజు వినబడలేదు.

హైమావతికి చేశాడు.

"అన్నయ్యా! తీసేశావా? ఎనిమిదిన్నరకే తీసేయమన్నాను కదా."

"తియ్యలేదు. దానయ్య వినబడట్లేదే. సూరపరాజూ వినబడట్లేదు."

"పొద్దున్నుంచి వాళ్ళతో మాట్లాడావా?"

"మాట్లాడాను."

"మాట్లాడి, పంపించేశావు. మనసులో 'అయింది' అనుకున్నావు. బుర్రకి వాళ్ళూ స్టేషన్లే అన్నయ్యా. నేనిది ఊహించి ఉండాల్సింది. ఇప్పుడే తీసెయ్. ఇప్పటికైతే నెలకో రెండు నెలలకో వస్తారు."

బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్లలోంచి ఇండోనేషియా వాడెవడో పిలుస్తున్నాడు. కొత్తవాడు. కామేశం చూపు పట్టిక మీదికి పోయింది. "సరే" అన్నాడు.

ఫోనులో హైమావతి గదిలో తిరిగే ఫ్యాను చప్పుడు వినబడింది. కుర్చీ జరిగిన చప్పుడు. అంతే.

కాసేపటికి మెసేజి వచ్చింది. 'నన్నూ పోగొట్టుకున్నావు కదూ. తల ఊపినా, సైగ చేసినా, రాసి ఇచ్చినా ఒకటే. జవాబిచ్చి ముగించావంటే ఆ గొంతు పోతుంది. సాయంత్రందాకా ఉంచితే ఇవి వెనక్కి వస్తాయని చెప్పలేను. తీసెయ్ అన్నయ్యా.'

కామేశం కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క నిమిషం పోటీ ఆపి, మూడు గొంతులనీ చేతిలోకి తీసుకుని మోగించి చూశాడు. దానయ్య: చెప్పిన పని చేసే మనిషి, సైగ సరిపోతుంది. సూరపరాజు: అతని మాట వినబడకపోతే మోసపోయేది కూడా తగ్గుతుంది. హైమావతి: ఈమధ్య ఎలాగూ మెసేజిలే. మూడూ కలిపినా నష్టం మోయలేనిది కాదు. ఇటుపక్క ఆసియాలో మొదటి స్థానం, పదకొండేళ్ళకొకసారి పండే పంట.

ఇక మాణిక్యం. ఆమెతో పొద్దున్నుంచి ఒక్కమాటా జరగలేదు. పోటీ రోజున ఆమె మాట్లాడదు. తొమ్మిదేళ్ళ క్రితం మైకు తెరిచి ఉండగా గుమ్మంలోంచి "పులుసులో బెల్లం చాలిందా?" అని అడిగింది. ఆ మాట కొరియాలో ఒకాయన విని, అదేం కోడ్ అని ఉత్తరం రాశాడు. ఊళ్ళో అందరూ నవ్వారు. కామేశం నవ్వలేదు. అప్పట్నుంచి పోటీ రోజున ఆమె కిటికీలో పళ్ళెం పెట్టి, గాజులు చప్పుడు కాకుండా వెళ్ళిపోతుంది. ఇవాళ కూడా ఇడ్లీలు అలాగే వచ్చాయి.

కాబట్టి ఆ గొంతు క్షేమం. ఆమె పలకరించినా తను జవాబివ్వకుండా ఉంటే చాలు. అది తనకి కష్టమైన పని కాదని కూడా అతనికి తెలుసు.

మైకు దగ్గరికి లాక్కున్నాడు.

*

మధ్యాహ్నం రెండింటికి మొదటి వరసలోకి వచ్చాడు. అన్నం పళ్ళెం కిటికీలోనే చల్లారింది. ఎనిమిది వందలు దాటాక రేడియో బ్యాండు ఎలా ఉందంటే, వర్షం వెలిసిన పొద్దున వీధిలా ఉంది. పొద్దుట తొక్కిసలాడినవాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు, సెట్టు మీటరు మీద సూది ఊగుతోంది, కానీ అతనికి ఎవరూ లేరు. అప్పుడొకరు అప్పుడొకరు కొత్తవాళ్ళు నడిచి వచ్చేవారు. ఒక్కొక్కణ్ణీ చేయి పట్టుకుని లోపలికి తెచ్చి, నంబరు ఇచ్చి, చీకట్లోకి పంపేశాడు.

మాణిక్యం సంచీ తగిలించుకుని దానయ్యతో పాటు వీధిలోకి వెళ్ళడం చూశాడు. గోడౌనుకి కాబోలు అనుకున్నాడు.

నాలుగూ పదికి సూది ఒక్కసారి చివరికి కొట్టుకుంది. రెండు మైళ్ళ లోపల ఉన్న సెట్టు అయితేనే అలా కొడుతుంది. ఆ తర్వాత గొంతు వచ్చింది. ముందు అతని కాల్‌సైన్, ఒక్కో అక్షరం విడివిడిగా, పరీక్షలో అప్పజెప్పినట్టు. తర్వాత తనది. విక్టర్, యూనిఫామ్, త్రీ. ఆపైన ఎమ్ అక్షరానికి చెప్పవలసిన 'మైక్' అన్న మాట దగ్గర తడబడి 'మ్యాంగో' అంది.

కామేశం పెన్ను కింద పెట్టాడు.

మళ్ళీ పిలిచింది. ఈసారి కూడా మ్యాంగోనే. ఆపి, తెలుగులోకి దిగింది.

"ఏవండీ, నేనండీ. మాణిక్యాన్ని. గోడౌనులోంచి. అటక మీద పడేశారే మీ పాత సెట్టు, అది బాగుచేయించాను. లైసెన్సు వచ్చి పదిరోజులైంది. ఇవాళ్టి దాకా చెప్పకూడదనుకున్నాను."

కాకినాడలో తన చెల్లెలింటికని మాణిక్యం ఈ ఏడు నాలుగుసార్లు వెళ్ళిరావడం అతనికి గుర్తొచ్చింది. గదికీ వంటింటికీ మధ్య గోడ ఒక్కటే అన్న సంగతి కూడా. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆ గోడ అవతలి నుంచి వింటూనే ఉంది.

"పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదండీ, మొదటిది మీతోనే అని. మీకు ఫైవ్ నైన్. నా నంబరు సున్నా సున్నా ఒకటి. మీ నంబరు చెప్పండి."

మైకు బొత్తాం మీద వేలు పెట్టాడు. తియ్యలేదు, నొక్కలేదు.

లెక్క దానంతట అదే పడిపోయింది. ఆమె కాల్‌సైన్ మొదటి మూడు అక్షరాలు ఇవాళ లాగ్‌లో లేవు. దగ్గరి స్టేషన్లు ఈ బ్యాండులో అందవు కాబట్టి ఇక దొరకవు కూడా. అంటే కొత్త గుణకం. పోటీ ముగిసేసరికి అదొక్కటే మూడువేల పైచిలుకు మార్కులు. పదిహేను సెకన్ల పని. నంబరు ఇస్తాడు, పుచ్చుకుంటాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె ఏం చెప్పినా అతను 'సరే' అని ముగిస్తూనే ఉన్నాడు. ఇవాళ మాత్రం మనసు ముగించకుండా ఆపుకోగలనని తన మీద తనకే పూచీ లేదు. ముగించాడంటే ఆ గొంతు ఇంకిపోతుంది.

"వినబడుతోందా అండీ?" అంది మాణిక్యం.

వినబడుతోంది. పట్టీ వల్ల ఇంకా బాగా వినబడుతోంది. వాక్యం చివర ఆమె పీల్చే చిన్న శ్వాస కూడా. ముప్పై నాలుగేళ్ళలో అతను దాన్ని విన్నట్టే లేదు.

బొత్తాం మీంచి వేలు తీసేశాడు. మూడువేల మార్కులు వదులుకున్నాడు. చేతికొచ్చిన లాభాన్ని తెలిసి తెలిసి వదలడం అతని జీవితంలో అదే మొదలు. అందుకు లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. సాయంత్రం వెళ్ళి చెబితే, నీ గొంతు కోసం ఇంత వదులుకున్నానని చెబితే, ఆమె ఏమంటుందో ఊహించుకున్నాడు.

ఆమె ఇంకో ఆరుసార్లు పిలిచింది. ఆరోసారి తెలుగు లేదు, కాల్‌సైన్లు మాత్రమే. తర్వాత ఆగింది. కాసేపటికి ఎవరో ఆమెని పిలిచినట్టున్నారు. ఎవరో అతనికి వినబడలేదు, పొద్దుట అయిపోయినవాడై ఉంటాడు. మాణిక్యం గొంతు మాత్రం, నెమ్మదిగా, తప్పుల్లేని ఇంగ్లీషులో, ఫైవ్ నైన్ అంది. మీకు సున్నా సున్నా ఒకటి, ధన్యవాదాలు అంది.

కామేశం వేరే ఫ్రీక్వెన్సీకి జరిగాడు. ఇంకా గంటకి పైగా ఉంది. మరో డెబ్భై మూడుమంది దొరికారు.

*

అయిదున్నరకి పట్టీ తీసి, మేకుకి తగిలించి, స్కూటరు మీద గోడౌనుకి వెళ్ళాడు. కురిడీ బస్తాల మధ్య బల్ల మీద అతని మొదటి సెట్టు ఉంది. మాణిక్యం తీగ చుట్ట చుడుతోంది. దానయ్య గుమ్మంలో కూర్చుని, ఇతన్ని చూసి ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి.

"వినబడలేదా?" అంది మాణిక్యం, తల ఎత్తకుండా.

"వినబడింది. మొదటిసారే వినబడింది."

ఆమె తీగ చుడుతూనే ఉంది. కామేశం బస్తా మీద కూర్చుని మొత్తం చెప్పాడు. దానయ్య, సూరపరాజు, హైమ. జవాబిస్తే ఆమె గొంతు కూడా పోతుందని. అందుకోసం మూడువేల మార్కులు వదులుకున్నానని. ఆ అంకె దగ్గర గొంతు కొంచెం పెంచాడు. చెప్పడం అయిపోయాక, పెద్ద బేరం కుదిర్చి వచ్చినవాడిలా కండువాతో మొహం తుడుచుకున్నాడు.

మాణిక్యం తీగచుట్టని బల్ల మీద పెట్టింది.

"పట్టీ తీసేసి మాట్లాడాల్సింది" అంది.

జవాబివ్వడం ఒక బేరం, ఇవ్వకపోవడం ఒక బేరం. రెండింటినీ కామేశం ఎన్నోసార్లు తూచాడు. దుకాణం కట్టేయడం అనేది తూకంలోకే రాలేదు.

"అప్పటికింకా గంటా ఇరవై నిమిషాలుంది మాణిక్యం" అన్నాడు.

"అవును" అంది. "గంటా ఇరవై నిమిషాలు."

దానయ్య లేచి, వాళ్ళకేసి చూడకుండా, గోడౌను పక్క చెట్టు మీది మిగతా తీగ విప్పడానికి వెళ్ళాడు.

*

నాలుగు నెలలకి ఫలితాలు వచ్చాయి. వెయ్యిన్నూట ఎనభై నాలుగు స్టేషన్లు, పదమూడు లక్షల యాభై నాలుగు వేల అయిదు వందల అరవై నాలుగు మార్కులు. ఆసియాలో మొదటి స్థానం, రెండోవాడి కన్నా తొమ్మిదివేలు ఎక్కువ. మాణిక్యం గుణకం లేకుండానే గెలిచాడు. ఉంటే ఇంకో మూడువేల నాలుగు వందలు పైన ఉండేవి, అంతే. ఇత్తడి ఫలకం మీద అతని కాల్‌సైన్ చెక్కించి పంపారు. రేడియో క్లబ్బువాళ్ళు కాకినాడలో సన్మానం చేశారు. అక్కడ మాట్లాడినవాళ్ళంతా కొత్తవాళ్ళే కాబట్టి అందరి మాటలూ వినబడ్డాయి.

హైమావతి ఆ పట్టీ పని ఆపేసి, జరిగినదంతా తనే రాసి పైవాళ్ళకి ఇచ్చింది. ప్రతి ఆదివారం ఫోను చేసి ఒక నిమిషం మాట్లాడి పెట్టేస్తుంది. తర్వాత 'ఇవాళ?' అని మెసేజి పెడుతుంది. ఇతను 'లేదు' అని పంపుతాడు. పదకొండు నెలలుగా అదే జవాబు. దానయ్యతో సైగలు సరిపోతాయనుకున్న లెక్క నిజమే. పని దగ్గర ఏ లోటూ లేదు. చెట్టు మీంచి అతనేదో అంటే కూలీలు నవ్వుతారు. ఆ నవ్వులు వినబడతాయి. సూరపరాజు విషయంలో లెక్క తప్పింది. వినబడని దలాలుతో బేరం ఎక్కువ సేపు పడుతోంది.

ఇంట్లో మాణిక్యం మామూలుగానే ఉంది. ఇంటికి ఎన్ని మాటలు కావాలో అన్ని మాట్లాడుతుంది. రోజుకి పదో పన్నెండో. అన్నీ స్పష్టంగా వినబడతాయి. కామేశం వాటికి 'సరే' అనడం మానేశాడు. ఏదో ఒకటి ఎదురు అడుగుతాడు. ఆమె చెప్పవలసినంత చెబుతుంది.

సూర్యుడి సీజను ఇంకా దిగలేదు. అయినా ఈ ఏడు పోటీకి అతను పేరివ్వలేదు. ఇచ్చినా లాభం లేదు. నిరుడు మాట్లాడిన వెయ్యిన్నూట ఎనభై నాలుగుమందిలో ఒక్కరూ వెనక్కి రాలేదు. రోజూ బ్యాండు మీద ఉండేది ముఖ్యంగా వాళ్ళే. మార్కెట్లో సరుకంతా తనే కొనేసిన వ్యాపారి మర్నాడు యార్డుకి వెళితే ఎలా ఉంటుందో, సెట్టు పెడితే అలా ఉంటుంది. సూది ఊగుతుంది, గురగుర తప్ప మరేమీ ఉండదు.

అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి సెట్టు పెడతాడు. ఆ వేళకి మాణిక్యం గోడౌనులోంచి బ్యాండు మీదికి వస్తుంది. ఆమె లాగ్ రెండో పుస్తకంలోకి వచ్చిందని దానయ్య వేళ్ళతో చూపించి చెప్పాడు. అవతలివాళ్ళెవరో ఇతనికి తెలియదు. వాళ్ళు మాట్లాడేంతసేపూ నిశ్శబ్దం. తర్వాత ఆమె నవ్వుతుంది, లేదా కొబ్బరి చట్నీ ఎలా చేయాలో ఎవరికో ఇంగ్లీషులో చెబుతుంది, లేదా వాక్యం చివర ఆగి చిన్నగా ఊపిరి పీలుస్తుంది. రెండుసార్లు ఇతను పిలిచాడు. రెండుసార్లూ మర్యాదగా ఫైవ్ నైన్ ఇచ్చి, ధన్యవాదాలు చెప్పి, తర్వాతవాణ్ణి పిలిచింది.

అంతా కలిపి, తీసివేతలు పోగా, పోటీలో కామేశానికి నికరంగా మిగిలింది ఒక ఇత్తడి ఫలకం, సాయంత్రం నాలుగు నుంచి అయిదుదాకా ఖాళీ బ్యాండు మీద పరాయివాళ్ళతో మాట్లాడే ఒకే ఒక్క గొంతు.